కడలి కంఠస్థం చేసిన పాట

మొదట ఒక మూలుగు వినిపిస్తుంది. చెవికన్నా ముందు ఛాతీకి తెలిసేంత కింది స్థాయిలో మొదలవుతుంది. సాగి సాగి, ఇక ఆగిపోతుందనుకునే వేళకు పైకి వంపు తిరిగి సన్నని కేకగా విచ్చుకుంటుంది. దాని వెనకే నాలుగైదు పొట్టి గురగురలు, పాత తలుపు కిర్రుమన్నట్టు ఒక గీర, ఆ తర్వాత మౌనం. ఆ మౌనంలో ఇందాకటి కేక నీళ్లలో ఎక్కడో తగిలి తిరిగి వస్తూనే ఉంటుంది. అది పూర్తిగా ఆరకముందే మళ్లీ మూలుగు ఎత్తుకుంటుంది. మళ్లీ అదే వంపు, అవే గురగురలు. అయితే ఈసారి కేక చివర ఒక వెంట్రుకవాసి పొడుగు పెరిగింది.

హంప్‌బ్యాక్ తిమింగలం పాడే పాట ఇది. 1970లో ‘సాంగ్స్ ఆఫ్ ది హంప్‌బ్యాక్ వేల్’ అనే పేరుతో గ్రామఫోను రికార్డుగా వచ్చింది. ఆనాటి నుంచి లక్షలమంది విన్నారు. సముద్రపు హోరు విన్నట్టు, అడవిలో పక్షుల కలకలం విన్నట్టు విని, మనసుకు హాయిగా ఉందని చెప్పి పక్కన పెట్టేసినవాళ్లే ఎక్కువ. అలా వింటే ఈ పాటకు అన్యాయం చేసినట్టే. దీనికి ఎత్తుగడ ఉంది, నడక ఉంది, ముగింపు ఉంది. అన్నిటికీ మించి, దీని అందమంతా జ్ఞాపకం చెక్కిన అందం. సముద్రంలో తాటాకు లేదు, రాతి పలక లేదు. అక్కడ ఒక రచన బతకాలంటే ప్రాణుల తలల్లోనే బతకాలి. అలా బతకడానికి అది ఏ రూపం తొడుక్కుందో గమనించడమే ఈ పాటను నిజంగా వినడం.

ఈ పాట మన చెవిన పడిన తీరు కూడా చెప్పుకోదగ్గదే. బెర్ముడా దీవుల్లో అమెరికా నౌకాదళం కోసం పనిచేసిన ఫ్రాంక్ వాట్లింగ్టన్ అనే ఇంజినీరు, లోతు నీళ్లలో దించిన హైడ్రోఫోన్లతో, అంటే నీటి అడుగు మైకులతో, సముద్రపు చప్పుళ్లను పట్టి ఉంచేవాడు. ఆయన వెతికింది తిమింగలాల కోసం కాదు. కానీ టేపుల్లో ఈ గొంతులు పడ్డాయి. వేటగాళ్లకు తెలిస్తే గొంతును బట్టి జాడ తీసి చంపేస్తారన్న భయంతో ఆయన ఆ టేపులను చాలా ఏళ్లు బయట పెట్టలేదు. 1967లో తన దగ్గరికి వచ్చిన రోజర్ పేన్, కేటీ పేన్ దంపతుల చేతిలో పెట్టాడు. రోజర్ జీవశాస్త్రవేత్త, కేటీ సంగీతం చదువుకున్న మనిషి. ఆ జత కుదరడం మన అదృష్టం.

విన్నకొద్దీ వాళ్లకు ఒక అనుమానం కలిగింది: ఇందులో ఏదో తిరిగి వస్తోంది. వాళ్ల తోటి పరిశోధకుడు స్కాట్ మెక్‌వే, గణితం చదువుకున్న ఆయన భార్య హెల్లా ఆ శబ్దాలను స్పెక్ట్రోగ్రాములుగా, అంటే కాగితం మీద గీతలుగా మార్చి చూశారు. చెవి పోల్చుకోలేక తడబడిన క్రమం కంటికి స్పష్టంగా కనిపించింది. నిమిషాల తరబడి సాగిన గీతల వరస మొత్తంగా, మొదటి నుంచి చివరిదాకా, మళ్లీ అదే వరసలో వచ్చింది. 1971 ఆగస్టులో రోజర్ పేన్, స్కాట్ మెక్‌వే ‘సైన్స్’ పత్రికలో ఈ సంగతి ప్రకటించి, దీన్ని పాట అని పిలిచారు. అభిమానం కొద్దీ అన్న మాట కాదది, నిర్మాణం చూసి అన్న మాట.

ఆ నిర్మాణాన్ని కాస్త దగ్గరగా చూద్దాం. ఒక మూలుగు, ఒక కేక, ఒక గురక, ఇవి విడి స్వరాలు. కొన్ని స్వరాలు కలిస్తే ఒక పలుకు. ఆ పలుకును తిమింగలం అనేకసార్లు తిప్పి తిప్పి పాడుతుంది. ఒకే పలుకు ఆవృత్తి అయినంతసేపూ ఒక ఘట్టం. ఆ ఘట్టం చాలనిపించాక మరో పలుకు ఎత్తుకుంటుంది, అది రెండో ఘట్టం. ఇలా కొన్ని ఘట్టాలు ఒక నిర్ణీత వరసలో వచ్చి మళ్లీ మొదటికి చేరితే ఒక పాట. పది నిమిషాలు పట్టవచ్చు, అరగంట పట్టవచ్చు. పాట ముగిసిన చోట విరామం ఉండదు. వెంటనే మళ్లీ మొదలవుతుంది. గంటల తరబడి అలా సాగుతూనే ఉంటుంది.

ఇందులో నన్ను కట్టిపడేసేది ఘట్టానికీ ఘట్టానికీ నడుమ జరిగే మలుపు. కొన్నిచోట్ల ఒక పలుకు నుంచి మరో పలుకుకు పాట గెంతదు. పాత పలుకు మొదటి సగానికి కొత్త పలుకు రెండో సగం తగిలించి ఒకటి రెండుసార్లు పాడి, ఆ తర్వాతే పూర్తిగా కొత్తదానిలోకి దిగుతుంది. వినేవాడి చెయ్యి పట్టుకుని గడప దాటించడమే అది. మన సంగీతం విని పెరిగిన చెవికి ఈ పద్ధతి పరాయిది అనిపించదు. కీర్తనలో పల్లవి ఎత్తుకుని, అదే సాహిత్యాన్ని సంగతి మీద సంగతి వేస్తూ, ప్రతిసారీ కొంచెం పెంచుతూ పోయే విద్వాంసుణ్ణి విన్నవారికి, అదే పలుకు తిరిగి రావడం విసుగు ఎందుకు కాదో వేరే చెప్పనక్కర్లేదు. తిరిగి వచ్చినది కొత్తగా వినిపించడమే కదా ఆవృత్తిలోని రుచి.

పాడే తీరులోనూ ఒక నిష్ఠ ఉంది. పాడేది మగ తిమింగలమే. పదమూడు, పద్నాలుగు మీటర్ల దేహాన్ని నీటిలో కొద్ది లోతున, తల కిందికి వంచి, తోక పైకి ఉంచి, కదలకుండా నిలిపి పాడుతుంది. పొడవాటి ముందు ఈతరెక్కలు రెండు పక్కలా చాచి ఉంటాయి. నోటినుంచి గాలి బుడగ ఒక్కటి బయటికి రాదు. ఊపిరి కోసం పైకి వచ్చినా పాట వరస తప్పదు. గాలి బయటికి వదలకుండా ఇంత గొంతు ఎలా పలుకుతుందన్నది చాలాకాలం అంతుబట్టలేదు. 2024లో డెన్మార్క్‌కు చెందిన కోయెన్ ఎలెమన్స్ బృందం ‘నేచర్’ పత్రికలో కొంత గుట్టు విప్పింది. ఒడ్డుకు కొట్టుకొచ్చి చనిపోయిన తిమింగలాల స్వరపేటికల్లోకి గాలి ఊది చూశారు. ఆంగ్లాక్షరం ‘యు’ ఆకారంలో ఉన్న మృదులాస్థి, కొవ్వుతో నిండిన ఒక మెత్త మీద ఒత్తుకుని, ఆ రెండింటి నడుమ గాలి దూరినప్పుడు కంపనం పుడుతుంది. వాడిన గాలే మళ్లీ లోపలికి మళ్లి తిరిగి గొంతుకు అందుతుంది. గుక్క తిప్పుకోకుండా పాడే గాయకుణ్ణి మెచ్చుకుంటాం. ఇక్కడ ఒకసారి తీసుకున్న గుక్కే మళ్లీ పైకి వచ్చేదాకా తిరుగుతూ ఉంటుంది.

ఇంతవరకు చెప్పింది పాట రూపం. అసలు విస్మయం జ్ఞాపకం దగ్గర మొదలవుతుంది.

ఒక కాలంలో, ఒక జనాభాలో ఉన్న మగ తిమింగలాలన్నీ ఒకే పాట పాడతాయి. ఒక్కొక్కదానికి సొంత పాట ఉండదు. హవాయి దీవుల దగ్గర పాడేవీ, వేల కిలోమీటర్ల అవతల మెక్సికో తీరంలో పాడేవీ ఒకే కాలంలో దాదాపు ఒకే పాట పాడుతున్నట్టు గుర్తించారు. ఈ పాట నిలకడగా ఉండదన్న సంగతి కేటీ పేన్ కనిపెట్టింది. ఏళ్ల తరబడి సేకరించిన బెర్ముడా, హవాయి టేపులను వరసగా వింటే పాట నెలనెలా మారుతోంది. ఒక స్వరం సాగుతుంది, ఒక పలుకులో కొత్త ముక్క చేరుతుంది, ఒక ఘట్టం పలచబడి రాలిపోతుంది. మార్పు వచ్చిన ప్రతిచోటా మందంతా కలిసే మారుతుంది. ఎవరు ముందు మార్చారో, మిగతావి ఎందుకు ఒప్పుకున్నాయో తెలియదు. కొన్నేళ్లు గడిచాక పాత టేపు పెట్టి వింటే అది వేరే పాట.

ఇంకో వింత ఉంది. శీతకాలంలో వెచ్చని నీళ్లలో పాడిన తిమింగలాలు వేసవిలో మేత కోసం చల్లని సముద్రాలకు వెళ్తాయి. అక్కడ పాట బాగా తగ్గిపోతుంది. నెలలు గడిచి మళ్లీ వెచ్చని నీళ్లకు చేరాక పాట ఎక్కడ మొదలవుతుంది? కిందటేడు ఎక్కడ ఆగిందో సరిగ్గా అక్కడే. ఆ ఏడు చివర ఉన్న రూపంతోనే ఎత్తుకుని, అక్కడినుంచి కొత్త మార్పులు మొదలుపెడతాయి. మధ్యలో వేల కిలోమీటర్ల ప్రయాణం, ఆకలి తీర్చుకునే హడావుడి. వీటన్నిటి కింద ఆ పాట చెక్కుచెదరకుండా ఉంది.

ఎలా ఉంచుకుంటాయి? దీనికి లిండా గినీ, కేటీ పేన్ 1988లో చూపిన ఆధారం నాకు ఈ మొత్తం కథలో అన్నిటికన్నా ప్రియమైనది. వందల పాటలను పోల్చి చూస్తే, కొన్ని పాటల్లో వేర్వేరు ఘట్టాల పలుకులు ఒకే రకం స్వరాలతో మొదలవడమో, ఒకే రకం స్వరాలతో ముగియడమో కనిపించింది. అంటే ప్రాస. ఆ ప్రాస అన్ని పాటల్లోనూ ఒకేలా లేదు. ఘట్టాలు ఎక్కువై, పాట చిక్కబడి, గుర్తుంచుకోవడం కష్టమైన పాటల్లోనే ఎక్కువగా కనిపించింది. సులువైన పాటల్లో అరుదు. బరువు పెరిగిన చోట పట్టు దొరకడానికి ప్రాస వచ్చి చేరిందన్నమాట. అది జ్ఞాపకానికి ఆసరా అయివుంటుందని వాళ్లిద్దరూ ప్రతిపాదించారు.

తెలుగువాడికి ఈ మాట విడమరిచి చెప్పాల్సిన పని లేదు. ప్రతి పాదంలో రెండో అక్షరం దగ్గర ప్రాస, నిర్ణీత స్థానంలో యతి, శతకంలో ప్రతి పద్యం చివర అదే మకుటం. బడి మొహం చూడని పెద్దలు వందల పద్యాలు అప్పజెప్పగలిగింది ఈ కొలతల బలంతోనే. పాదం మరిచిపోయినవాడికి ప్రాసాక్షరం మాట అందిస్తుంది. మనం అలంకారం అనుకుని ముచ్చటపడేది మొదట ఆధారం. ఆధారమే అందంగా పరిణమించడం భాషల చరిత్రలో జరిగిందని తెలుసు. మాటే లేని ఒక ప్రాణి, నీళ్ల అడుగున, మనతో ఏ పరిచయమూ లేకుండా అదే ఉపాయానికి చేరుకుందంటే, ప్రాస మనిషి కల్పించిన మురిపెం మాత్రమే కాదని ఒప్పుకోవాలి. గుర్తుపెట్టుకోవాలనే తపన ఎక్కడ ఉంటే అక్కడ ప్రాస పుట్టే అవకాశం ఉందని నాకు అనిపిస్తుంది.

ఈ జ్ఞాపకం మొండిది కూడా కాదు. పాతదాన్ని ఒక్కసారిగా వదిలేయడమూ దీనికి తెలుసు. 1996లో ఆస్ట్రేలియా తూర్పు తీరంలో మైకేల్ నోడ్ బృందం రికార్డు చేసిన 82 గాయకుల్లో రెండు మాత్రం ఆ తీరంలో ఎవరూ వినని పాట పాడాయి. అది ఖండానికి అవతలి వైపున, పశ్చిమ తీరంలో పాడే పాట. మరుసటి ఏడు ఆ కొత్త పాట చాలావాటికి పాకింది. 1998 నాటికి తూర్పు తీరంలో పాత పాట పాడే గొంతు ఒక్కటీ మిగల్లేదు. తర్వాత ఎలెన్ గార్లాండ్ సహచరులతో కలిసి పదకొండేళ్ల రికార్డింగులు పరిశీలించి 2011లో మరింత పెద్ద దృశ్యాన్ని చూపించింది. తూర్పు ఆస్ట్రేలియాలో వినిపించిన పాట న్యూ కలెడోనియాకు, అక్కడినుంచి టోంగాకు, అమెరికన్ సమోవాకు, కుక్ దీవులకు, చివరికి ఫ్రెంచ్ పాలినీషియాకు అలలా పాకుతుంది. ఆ పదకొండేళ్లలో పాట దాటి వెళ్లింది పడమటి నుంచి తూర్పుకే. ఒక పాట ఆ దారంతా చేరడానికి దాదాపు రెండేళ్లు పడుతుంది. తిమింగలాలు చాలావరకు తమ తమ జాడల్లోనే ఉంటాయి. పసిఫిక్ మహాసముద్రంలో అంత దూరం దాటేది పాట.

ఇందులో మరో సూక్ష్మం ఉంది. తూర్పు ఆస్ట్రేలియా పాటలను ఏళ్ల తరబడి కొలిచిన అధ్యయనం ఒకటి 2018లో వచ్చింది. ఒకే పాట మెల్లగా మారుతున్నన్నాళ్లూ చిక్కదనం పెరుగుతూ పోతుంది. పూర్తిగా కొత్త పాట వచ్చి పాతదాన్ని తోసేసినప్పుడు, ఆ కొత్తది పాతదానికన్నా సరళంగా ఉంటుంది. నేర్చుకోవడానికి ఒక హద్దు ఉండడమే కారణం కావచ్చునని ఆ పరిశోధకుల అభిప్రాయం. ఏ సాహిత్య చరిత్ర తిరగేసినా ఈ తీరు కనిపిస్తుంది. ప్రౌఢిమ పెరిగి పెరిగి మోయలేనంత అయ్యాక, తేలికైన నడకతో ఒక కొత్త గొంతు వస్తుంది. అందరూ దాని వెంట పోతారు. ఆ తర్వాత అదీ ప్రౌఢమవుతుంది.

ఇక రసం సంగతి. ఈ పాట విన్నవాళ్లు చాలామంది కళ్లు తుడుచుకుంటారు. ఇది ఏడుపులా ఉందని, ఒంటరితనమని, సముద్రమంత దుఃఖమని అంటారు. కరుణరసమని ముద్ర వేస్తారు. నేను దానికి ఒప్పుకోను. రసం సహృదయుడి హృదయంలోనే నిష్పన్నమవుతుందని ఆలంకారికుడు అభినవగుప్తుడి మతం. ఆ మాట ఇక్కడ అక్షరాలా వర్తిస్తుంది. సాగిన మూలుగు వినగానే మన లోపలి దిగులు మేలుకుంటుంది. ఆ దిగులు మనది. పాడేవాడి మనసు మనకు తెలియదు. ఆడ తిమింగలాన్ని పిలవడానికో, తోటి మగవాటితో పోటీకో, సఖ్యానికో, ఎందుకు పాడతాయన్నది యాభై ఏళ్ల పరిశోధన తర్వాత కూడా తేలలేదు. తెలియని భావానికి శోకమని పేరు పెట్టడం తొందరపాటు. తెలిసినది దాని నిర్మాణం. ఘట్టాల వరస, మలుపుల నేర్పు, బరువు పెరిగిన చోట ప్రాస, సముద్రమంతా కలిసి మార్చుకునే ఉమ్మడి జ్ఞాపకం. వీటిని పట్టుకుని వింటే స్థాయిగా నిలిచేది విస్మయం. దీని అంగిరసం, అంటే ప్రధాన రసం, అద్భుతం.

కరుణ లేదని కాదు. అది పాటలోంచి రాదు, చరిత్రలోంచి వస్తుంది. ఇరవయ్యో శతాబ్దంలో ఒక్క దక్షిణార్ధగోళంలోనే రెండు లక్షలకు పైగా హంప్‌బ్యాక్ తిమింగలాలను చంపారు. 1947 నుంచి పాతికేళ్లకు పైగా సోవియట్ నౌకలు దక్షిణార్ధగోళంలో 48 వేలకు పైగా చంపి, లెక్కల్లో మూడు వేల లోపే చూపించాయి. పాట నిలిచేది తలల్లోనే అయినప్పుడు, తలలు తెగితే పాటలూ పోతాయి. ఆ కాలంలో ఎన్ని ఘట్టాలు, ఎన్ని ప్రాసలు ఎవరూ వినకుండానే అంతరించాయో ఏ లెక్కా చెప్పదు. ఈ సంగతి తెలిసి విన్నప్పుడు కరుణ అద్భుతానికి అంగమై నిలుస్తుంది. ఆ ఔచిత్యం తప్పకూడదు.

కళ మనుషులను మార్చగలదా అని అడిగేవారికి ఈ పాట ఒక జవాబు. రికార్డు వచ్చిన రెండేళ్లకు, 1972లో స్టాక్‌హోంలో జరిగిన ఐక్యరాజ్యసమితి పర్యావరణ సదస్సు వాణిజ్యపరమైన తిమింగలాల వేటను పదేళ్లు ఆపాలని కోరింది. 1979 జనవరిలో ‘నేషనల్ జియోగ్రాఫిక్’ పత్రిక ఈ పాటల పల్చటి రికార్డును సంచికతో పాటు కోటికి పైగా ప్రతుల్లో పంచింది. 1982లో అంతర్జాతీయ తిమింగల వేట కమిషన్ వాణిజ్య వేటను నిలిపివేయాలని తీర్మానించింది. పాట ఒక్కటే ఇదంతా చేసిందని అనను. తిమింగలం అంటే నూనె పీపాలుగా లెక్కపెట్టిన లోకం దాని గొంతు విన్నాక అలాగే లెక్కపెట్టలేకపోయింది. తర్వాతి దశాబ్దాల్లో చాలా సముద్రాల్లో హంప్‌బ్యాక్‌ల సంఖ్య మళ్లీ పుంజుకుంది.

తెలుగువారు గర్వంగా గుర్తుంచుకోదగిన ముచ్చట ఒకటి. 1977లో అంతరిక్షంలోకి వెళ్లిన రెండు వాయేజర్ నౌకల్లో బంగారు పూత పూసిన రికార్డులున్నాయి. వాటిలో 55 భాషల పలకరింపులు చేర్చారు. అందులో తెలుగు ఉంది. ఐక్యరాజ్యసమితి ప్రతినిధుల పలకరింపులతో కలిపి ఈ హంప్‌బ్యాక్ పాట కూడా అదే పళ్లెం మీద ఉంది. సౌరమండలం నడిబొడ్డు వదిలి నక్షత్రాల నడుమ సాగుతున్న ఆ రికార్డులో మన మాట, దాని పాట ఇరుగుపొరుగున ఉన్నాయి.

ఇక్కడి సముద్రంలో మాత్రం పాటకు కొత్త అడ్డు వచ్చింది. నీటిలో వెలుగు ఎంతో దూరం పోదు. శబ్దం సెకనుకు దాదాపు 1,500 మీటర్ల వేగంతో పోతుంది. తిమింగలానికి దూరాన్ని దాటించేది ఆ గొంతే. ఓడల రొద ఎక్కువగా ఉండేది తిమింగలం గొంతు పలికే కింది స్థాయిల్లోనే. జపాన్‌లోని ఒగసవారా దీవుల దగ్గర జరిగిన పరిశీలనలో, ఓడ దగ్గరగా దాటినప్పుడు పాడుతున్న తిమింగలాలు పాట తగ్గించడమో, పూర్తిగా ఆపడమో చేశాయని 2018లో ప్రకటించారు. వినడం ద్వారానే నేర్చుకునే పాటకు ఇంతకన్నా గొడ్డలిపెట్టు లేదు. ఓడల వేగం తగ్గిస్తే రొద తగ్గుతుంది. పాడే రుతువులో, పాడే చోట్ల దారి కొంచెం మళ్లిస్తే ఇంకా తగ్గుతుంది. వేట ఆపగలిగిన మనుషులకు ఇది అసాధ్యం కాదు, ఆ పట్టుదల కావాలి.

చదువరులకు ఒక మనవి. ఈ పాట దొరకడం ఇప్పుడు కష్టం కాదు. ఫోన్లో రెండు నిమిషాల ముక్క విని వదిలేయకండి. పాట మొత్తం, చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుని, మరో పని పెట్టుకోకుండా ఒకసారి వినండి. వెంటనే రెండోసారి వినండి. రెండోసారి ఏదో ఒక పలుకు రాకముందే అది రాబోతోందని మీకు తెలిసిపోతుంది. అప్పుడు సముద్రంలో ఒక లేత తిమింగలం ఎలా నేర్చుకుంటుందో మీరూ అలాగే నేర్చుకోవడం మొదలుపెట్టారన్నమాట.